నా లెక్క నా వెంట రావాలి

మా బావకు నరసరావుపేటలో పైపులు, శానిటరీ సామాన్ల దుకాణం ఉంది. పల్నాడులో బోర్లు, ఇళ్ల పనులు ముమ్మరంగా సాగేది సంక్రాంతి దాటాక నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలకు సరుకు ముందే దింపుకోవాలి. 2019లో అందుకు ఆయనకు 5 లక్షలు కావాల్సి వచ్చింది. తొమ్మిదేళ్లుగా కరెంటు ఖాతా ఉన్న బ్యాంకు సీసీ లిమిట్ (వ్యాపారి అవసరాన్ని బట్టి వాడుకునే అప్పు పరిమితి) పెంచనంది. రోడ్డుకు అవతలి పక్కనున్న ఇంకో బ్యాంకు ఇస్తాం గానీ, మూడేళ్ల స్టేట్‌మెంట్లు పేజీ పేజీకీ స్టాంపు, సంతకం వేయించి తెమ్మంది. పాత బ్యాంకులో ఒకరోజు ప్రింటరు పనిచెయ్యలేదు. ఒకరోజు ఆఫీసరు సెలవు. ఇంకోరోజు ఇయర్ ఎండింగ్ అయ్యాక రమ్మన్నారు. కాగితాల కట్ట చేతికొచ్చేసరికి ఏప్రిల్ సగం గడిచింది. కొత్త బ్యాంకు ఆ కట్టను తిరగేసి, మార్చి నెలది కూడా కలిపి మళ్లీ తెమ్మంది.

బావ ఇక ఆ గుమ్మం తొక్కలేదు. ఊళ్లో ఫైనాన్స్ వ్యాపారి దగ్గర నూటికి రెండున్నర రూపాయల వడ్డీకి తెచ్చుకున్నారు. నెలకు 12,500. నాలుగు నెలలకు 50 వేలు. అదే ఏడాదికి 14 శాతం బ్యాంకు వడ్డీ అయితే 23 వేల చిల్లరతో పోయేది. తేడా దాదాపు 27 వేలు. దుకాణంలో పనిచేసే కుర్రాడికి రెండు నెలలు జీతమిచ్చినా ఇంకా మిగిలే డబ్బు.

ఆ రోజుల్లో అక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే నన్ను ఒక సంగతి పట్టుకుని వదల్లేదు. బావ నికరమైన మనిషి. ఆ మాట ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తొమ్మిదేళ్లలో ఏ నెల ఎంత అమ్మారు, ఎవరికి ఎప్పుడు కట్టారు, ఒక్క చెక్కైనా తిరిగొచ్చిందా అన్నదంతా ఒక బ్యాంకు కంప్యూటర్లో పైసాతో సహా ఉంది. ఆ లెక్క ఆయన చెమటతో పుట్టింది. కానీ నలభై అడుగుల రోడ్డు దాటడానికి దానికి కాళ్లు లేవు.

అప్పటినుంచి డేటా చట్టాల గురించి ఏది కనిపించినా చదువుతున్నాను. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, లాయర్ని కాదు. అయినా ఒక నమ్మకం ఏటికేడాది గట్టిపడుతూ వచ్చింది. డేటాకు తాళం వెయ్యడం మాత్రమే తెలిసిన చట్టం, ఇప్పటికే దాన్ని గుట్టలుగా పోగేసుకున్న పెద్ద సంస్థలకు కోటగోడ అవుతుంది. ఎవరి లెక్క వారు తమకు నచ్చిన చోటికి తీసుకెళ్లగలిగితేనే చిన్నవాడికి అప్పు పుడుతుంది, కొత్త కంపెనీకి చోటు దొరుకుతుంది, పాత కంపెనీ ఒళ్లు వంచుతుంది.

ఇది మనకు అనుభవంలో లేని సంగతేమీ కాదు. ఫోన్ నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చింది 2011 జనవరి 20న. అంతకుముందు సిగ్నల్ ఎంత చెత్తగా ఉన్నా జనం అదే సిమ్ముతో వేలాడేవారు. దుకాణం బోర్డు మీద రాయించిన నంబరు, పెళ్లి శుభలేఖల మీద అచ్చేయించిన నంబరు ఎలా వదులుకుంటారు? పోర్ట్ పెట్టుకునే హక్కు వచ్చాక, "పోర్ట్ పెట్టేస్తా" అన్న బెదిరింపుకే కస్టమర్ కేర్ గొంతులో మర్యాద వచ్చింది. నంబరు నీది, నీతో రావాలి అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం పెట్టింది. ఆ పని కంపెనీల మంచితనానికి వదిలేసి ఉంటే ఇప్పటికీ జరిగేది కాదు.

అప్పుల విషయానికొస్తే, లెక్కలు పంచుకునే నియమం లేకపోతే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే రెండుసార్లు చూశాం.

మొదటిది 2010. డ్వాక్రా సంఘాలు ఊరూరా పాతుకున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు పోటీలు పడి అప్పులిచ్చాయి. ఒకే ఇంటావిడకు మూడు నాలుగు సంస్థలు ఇచ్చేవి. ఒకరి వారం వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు. ఆమె మీద మొత్తం ఎంత భారం ఉందో ఏ సంస్థకూ తెలియదు, తెలుసుకోవాలన్న నిబంధనా లేదు. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల మధ్య ఆ అక్టోబరులో ఈ సంస్థలకు కళ్లెం వేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి, దాంతో దేశమంతా ఆ రంగం వణికింది. తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ ఒక మనిషికి రెండుకు మించి సూక్ష్మరుణ సంస్థలు అప్పివ్వకూడదంది. రిజర్వు బ్యాంకు ఈ సంస్థలన్నీ అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోల్లో చేరి తీరాలంది. అంటే పంచుకునే నియమం వచ్చింది, కానీ వినాశనం జరిగాక వచ్చింది.

పైగా ఆ నియమం ఒకవైపే చూస్తుంది. నువ్వు అప్పు తీసుకుని ఎలా కట్టావన్నదే క్రెడిట్ బ్యూరోకి తెలుస్తుంది. ఎప్పుడూ బ్యాంకు అప్పు తీసుకోని కూరగాయల వ్యాపారి ముప్ఫై ఏళ్లు నిజాయితీగా సరుకు అమ్మినా బ్యూరో దృష్టిలో అతను పుట్టనే లేదు.

రెండోది 2020. లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోయినవాళ్లకు ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు పుట్టగొడుగుల్లా లేచాయి. అప్పిచ్చేముందు ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు మొత్తం లాగేసుకునేవి. ఒక వారం ఆలస్యమైతే చాలు, వాటిలో ఉన్నవాళ్లందరికీ మెసేజ్‌లు. నాతో చదువుకున్న ఒక స్నేహితుడి తమ్ముడి ఫొటో మీద "దొంగ" అని రాసి నాకు కూడా వాట్సాప్‌లో పంపారు. ఆ కుర్రాణ్ని నేను ఒకే ఒక్కసారి కలిశాను. ఆ ఫొటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

ఆ యాప్‌లన్నీ "అనుమతి" తీసుకున్నాయి. 'అలౌ' అన్న బొత్తాం నొక్కించుకునే కాంటాక్టులు తీశాయి. అందుకే ఉత్త సమ్మతి మీద నాకు నమ్మకం లేదు. రేపు అద్దె కట్టాల్సినవాడు ఏ బొత్తామైనా నొక్కుతాడు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు పెట్టిన నియమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే: కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి అసలు వెళ్లొద్దని తేల్చింది. అప్పు తీసుకునేవాడు ఒప్పుకున్నా సరే. కొన్ని తలుపులు యజమాని తెరిచినా లోపలికి రాకూడదని చెప్పే నియమం లేకపోతే, పంచుకోవడానికీ దోపిడీకీ తేడా మిగలదు.

ఇక అకౌంట్ అగ్రిగేటర్. ఖాతాదారు ఒప్పుకుంటే అతని లెక్కను ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు చేరవేసే మధ్యవర్తి. ఈ పేరు చాలామందికి తెలియదు గానీ, లోన్ కోసమో మ్యూచువల్ ఫండ్ కోసమో ఫోన్లో ఓటీపీ కొట్టి బ్యాంకు లెక్క పంపినవాళ్లలో చాలామంది దాన్ని వాడే ఉంటారు. రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరులో దీనికి నియమాలు రాసింది, సరిగ్గా ఐదేళ్లకు 2021 సెప్టెంబరులో పెద్ద బ్యాంకులు కొన్నిటితో అది మొదలైంది. పని చేసే తీరు మా పల్నాడు రైతుకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అగ్రిగేటర్ కాలువ మీద లస్కర్ లాంటివాడు. సాగర్ కుడి కాలువ మీద లస్కరు షట్టర్ ఎత్తుతాడు, దించుతాడు. నీళ్లు అతనివి కావు. దాచుకోలేడు, అమ్ముకోలేడు. ఎవరి వంతు ఎప్పుడు, ఎంతసేపు అన్నది అతని ఇష్టం కాదు.

అగ్రిగేటర్ గుండా వెళ్లే లెక్క సంకేత లిపిలో మూసి ఉంటుంది. అతను దాన్ని చదవలేడు, నిల్వ చేసుకోకూడదు, ఇంకో వ్యాపారం చేయకూడదు. ఖాతాదారు ఇచ్చే సమ్మతి పత్రంలో ఏ ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకోసం, ఎన్నాళ్లు అన్నవి విడివిడిగా ఉంటాయి. కావాలంటే మధ్యలో రద్దు చేసుకోవచ్చు. బ్యాంకులే కాదు, షేర్లు, బీమా, పెన్షన్ సంస్థలు కూడా ఈ వలయంలోకి వచ్చాయి. 2022 నవంబరులో జీఎస్టీ నెట్‌వర్క్‌ను కూడా లెక్కలిచ్చే సంస్థల జాబితాలో చేర్చారు. చిన్న వ్యాపారికి ఇది పెద్ద మలుపు. బ్యాంకు లెక్కతో పాటు రిటర్నుల్లో చూపిన అమ్మకాలూ ఒకేచోట కనిపిస్తాయి.

దీనివల్ల కొత్తదనం ఎక్కడినుంచి వస్తుందో కొంచెం విడమరిచి చెప్పాలి. 50 లక్షల అప్పును పరిశీలించడానికి బ్యాంకుకు ఎంత శ్రమో, 5 లక్షల అప్పుకూ దాదాపు అంతే. కాగితాలు తెప్పించాలి, దొంగ స్టాంపులు కావని చూసుకోవాలి, ఒక ఆఫీసరు కూర్చుని చదవాలి. వచ్చే వడ్డీ మాత్రం పదో వంతు. అందుకే చిన్న అప్పు ఏ మేనేజరుకూ ముద్దు కాదు, తనఖా లేనిదే కదలరు. లెక్క నేరుగా బ్యాంకు నుంచే, మార్చడానికి వీల్లేని రూపంలో, కంప్యూటరు చదవగలిగేలా వస్తే ఆ పరిశీలన ఖర్చు రూపాయల్లోకి దిగిపోతుంది. అప్పుడు చిన్న అప్పు కూడా గిట్టుబాటవుతుంది. ఒక్క శాఖ కూడా లేని కొత్త సంస్థ నరసరావుపేట వ్యాపారికి అప్పివ్వగలుగుతుంది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. 2023లో బావ మళ్లీ సీజను ముందు ప్రయత్నిస్తే, ఫోన్లోనే సమ్మతి ఇచ్చిన నాలుగో రోజుకు 6 లక్షలు 15 శాతానికి వచ్చాయి. రెండు సంస్థలు ముందుకొస్తే ఆయన ఒకదాన్ని ఎంచుకున్నారు. ఎంచుకోవడమన్న మాట ఆయన అప్పుల చరిత్రలో అదే మొదటిసారి. ఆ తర్వాత నెలలో పాత బ్యాంకువాళ్లే ఫోన్ చేసి, "లిమిట్ పెంచుతాం, ఒకసారి రండి సార్" అన్నారు.

ఆ "సార్" అన్న పిలుపు మంచితనం వల్ల వచ్చింది కాదు, బావ వెళ్లిపోగలడని తెలిసి వచ్చింది.

వెళ్లిపోయే దారి బ్యాంకులు తమంతట తాము వెయ్యవు. బ్రిటన్‌లో పోటీల నియంత్రణ సంస్థ రెండేళ్లు విచారించి, పెద్ద బ్యాంకులు కస్టమర్ల కోసం కష్టపడాల్సిన అవసరమే లేకుండా కూర్చున్నాయని 2016లో తేల్చింది. తొమ్మిది పెద్ద బ్యాంకులను పేరుపేరునా ఆదేశిస్తే, 2018 జనవరిలో అక్కడ ఓపెన్ బ్యాంకింగ్ మొదలైంది. మన దగ్గరా అంతే. అగ్రిగేటర్ వ్యవస్థ మొదలైన కొత్తలో బ్యాంకులకు ఇతరుల లెక్కలు తీసుకోవడానికి ఉన్న ఆత్రం తమవి ఇవ్వడానికి లేదు. తీసుకునేవాళ్లు తమ దగ్గరున్నదీ ఇచ్చి తీరాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు నియమం మార్చింది. పెళ్లికి పిలిచి కట్నం చదివించుకుని, వాళ్లింటి పెళ్లికి మొహం చాటేసే బంధువుని మనవాళ్లు క్షమించరు. నియమం కూడా క్షమించకూడదు.

అమెరికాలో 2024 అక్టోబరులో ఖాతాదారుడి హక్కుగా ఇలాంటి నియమమే ఖరారైతే, అదే రోజు బ్యాంకుల తరఫు సంఘం కోర్టుకెక్కింది. మనం అడుగు ముందున్నాం అన్న తృప్తి నాకుంది. యూపీఐ విషయంలోనూ అంతే. ఏ బ్యాంకు ఖాతా నుంచైనా ఏ యాప్‌తోనైనా ఏ క్యూఆర్ కోడ్‌కైనా డబ్బు వెళ్లాలన్న నియమం వల్లే 2016లో పుట్టిన ఆ వ్యవస్థ 2025 ఆగస్టులో నెలకు 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. కాకపోతే వాటిలో సుమారు 80 శాతం రెండే యాప్‌ల చేతుల్లో ఉన్నాయి. ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని 2020లో అనుకున్న పరిమితిని వాయిదా వేసుకుంటూ 2026 చివరిదాకా తెచ్చారు. దారి వేస్తే చాలదు, దారి మీద ఎవరు బండరాయిలా కూర్చున్నారో కూడా చూస్తుండాలి.

నా అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. డబ్బు లెక్కల బయట మనకు ఈ హక్కు లేదు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోసం 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో, 2019 బిల్లులో డేటా పోర్టబిలిటీ, అంటే డేటాను వెంట తీసుకెళ్లడం, ఒక హక్కుగా ఉంది. నా డేటాను నాకు వాడుకోదగ్గ రూపంలో ఇవ్వాలి, నేను చెప్పిన ఇంకో సంస్థకు పంపాలి. 2023 ఆగస్టులో చట్టమయ్యేసరికి ఆ హక్కు మాయమైంది. ఆ చట్టం ప్రకారం చూపించమని అడగొచ్చు, తప్పులు దిద్దించొచ్చు, చెరిపెయ్యమనొచ్చు. తీసుకెళ్తానని మాత్రం అనలేం. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వెయ్యగలిగే చట్టం ఇంత ముఖ్యమైన తలుపును ఎందుకు మూసిందో నాకు అర్థం కాదు. 2025 నవంబరులో వచ్చిన నియమాలు మన తరఫున సమ్మతులు ఇచ్చి, రద్దు చేసే సమ్మతి మేనేజర్లన్న వ్యవస్థకు చోటిచ్చాయి. మంచిదే. కానీ షట్టర్ దగ్గర లస్కర్ని పెట్టి, కాలువలోకి నీళ్లు వదలాల్సిన బాధ్యత ఎవరికీ పెట్టకపోతే అతను ఖాళీ కాలువకు కాపలా కాయాలి.

యూరప్ ఈ విషయంలో మనకంటే చాలా దూరం వెళ్లింది. వాళ్ల డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమలవుతోంది. ట్రాక్టరు, కారు, వాషింగ్ మెషీన్, ఇంటర్నెట్‌కు తగిలించిన ఏ యంత్రమైనా సరే, అది వాడకంలో పుట్టించే డేటాను వాడేవాడు అడిగితే ఇవ్వాలి. అతను చెప్పిన మెకానిక్కుకో ఇంకో కంపెనీకో కూడా ఇవ్వాలి. సెన్సర్లకు డబ్బు పెట్టింది మేము, పోటీవాడికి ఊరికే ఎందుకివ్వాలి అని తయారీదారులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆ చట్టం చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. అలా వచ్చిన డేటాతో పోటీ యంత్రం తయారుచెయ్యకూడదు. వ్యాపార రహస్యాలకు రక్షణ ఉంటుంది. తీసుకునే కంపెనీ దగ్గర తగిన రుసుము వసూలు చేసుకోవచ్చు, కానీ అది చిన్న కంపెనీ అయితే పంపడానికయ్యే ఖర్చుకు మించకూడదు. వాడేవాడి దగ్గర మాత్రం పైసా తీసుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, యూరప్ 'ద్వారపాలకులు' అని ముద్ర వేసిన మహా సంస్థలకు ఈ దారిలో డేటా తీసుకునే అర్హతే లేదు. పంచుకోవడం పేరుతో ఉన్నవాడి గాదెలోకే మళ్లీ ధాన్యం చేరకుండా చూసుకున్నారు.

ఇది మన ఊళ్లకు దూరపు సంగతి అనుకోవద్దు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు మీద నీటిలో ప్రాణవాయువు కొలిచే పరికరం పెట్టుకున్న రైతు, రెండేళ్ల లెక్కతో ఇంకో కంపెనీ సలహా తీసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? పాల కేంద్రంలో రోజూ రెండు పూటలా పాలు పోసి, వెన్న శాతంతో సహా లెక్క పడే ఆవిడకు ఆ లెక్కే అప్పుకు పూచీ ఎందుకు కాకూడదు? ఈ రెండో ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉంది. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో మొదలుపెట్టి, తర్వాత యూఎల్ఐ (యూనిఫైడ్ లెండింగ్ ఇంటర్‌ఫేస్) అని పేరు పెట్టిన అప్పుల వేదిక మీద, గుజరాత్‌లో పాలు పోసిన లెక్క చూసి పాడి అప్పులిచ్చారు. తెలంగాణ కూడా అదే నెలలో బెంగళూరు సైన్సు సంస్థ ఐఐఎస్‌సీ, ప్రపంచ ఆర్థిక వేదికలతో కలిసి వ్యవసాయ డేటా మార్పిడి వేదిక మొదలుపెట్టింది. ఇలాంటివి ఒక్కో ప్రయోగంగా మిగిలిపోకుండా హక్కుగా మారాలన్నదే నా వాదన.

ఇక్కడ నా వాదనకు ఒక హద్దు ఉంది, దాన్ని దాటవెయ్యడం తప్పు. లెక్క ఉన్నవాడికే లెక్క కదిలే హక్కు పనికొస్తుంది. కోస్తాలో పొలం దున్నేది చాలాచోట్ల కౌలు రైతు. నోటిమాట కౌలు. పాసుపుస్తకం యజమాని పేరున, పంట అప్పు యజమానికి, చెమట మాత్రం ఇతనిది. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం పదకొండు నెలల సాగుదారు కార్డు ఇస్తుంది గానీ, దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. ఈ మనిషి పండించిన పదేళ్ల పంట ఏ కంప్యూటర్లోనూ అతని పేరున లేదు. ఎంత గొప్ప డేటా చట్టం తెచ్చినా రికార్డుల్లో లేనివాడికి అందులోంచి వచ్చేదేమీ ఉండదు. పైగా మిగతా అందరికీ లెక్క చూసి అప్పివ్వడం అలవాటయ్యాక, లెక్క లేనివాడు ఇంకా అనుమానంగా కనిపిస్తాడు. అతన్ని సాగుదారుగా రాసుకోవడం ముందు జరగాలి. పంచుకునే వేదికలకు రిబ్బన్లు కత్తిరించే నాయకులు ఈ సంతకం సంగతి తేల్చకుండా తప్పించుకోకూడదు.

భాష సంగతి కూడా. బావ ఫోన్లో వచ్చిన సమ్మతి పత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. ఆయన నాకు స్క్రీన్‌షాట్లు పంపి అడిగి నొక్కారు. 2023 డేటా చట్టం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో నోటీసు చదువుకునే వీలుండాలంటోంది. అది నిజంగా తెలుగులో, మా అక్కకు అర్థమయ్యే తెలుగులో రావాలి.

మొన్న దసరాకు నరసరావుపేట వెళ్లాను. బావ పైపుల కంపెనీ మారాలనుకుంటున్నారు. పాత కంపెనీ డీలర్ల యాప్‌లో ఏడేళ్ల ఆర్డర్లున్నాయి: ఏ సైజు ఏ నెలలో ఎంత పోయింది, ఏ మేస్త్రీ ఎంత కొన్నాడు, వాపసు ఎంత వచ్చింది. కొత్త కంపెనీవాళ్లు ఆ లెక్క చూపిస్తే మంచి రేటు, ముప్ఫై రోజుల అరువు ఇస్తామన్నారు. యాప్‌లో డౌన్‌లోడ్ బొత్తాం లేదు. ఫోన్ చేసి అడిగితే, "అది మా సిస్టం డేటా సార్" అన్నారు.

రాత్రి దుకాణం కట్టేశాక బావ కౌంటర్ మీద యాప్ ఉన్న ఫోన్ పెట్టి, ఒక్కో నెలా తెరిచి పట్టుకున్నారు. మా మేనల్లుడు ఇంకో ఫోన్‌తో ఒక్కో స్క్రీన్ ఫొటో తీశాడు. నేను పక్కన కూర్చుని అంకెలు నోట్‌బుక్కులో ఎక్కించాను. అక్క అన్నానికి పిలిచేసరికి 2021 మార్చి దాకా వచ్చాం.